గోల్ఫు పచ్చికపై మొదటి అడుగు

"గోల్ఫు మనకెందుకు? అది దొరల ఆట." ఈ మాట మన ఇళ్ళలో తాతల కాలం నుంచి వినబడుతూనే ఉన్నది. మొన్నమొన్నటి దాకా నేనూ అదే అన్నాను. డర్బనులో పుట్టి పెరిగి, డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత న్యూయార్కులో ఉన్న మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు, మనవడు ఒక సాయంత్రం "తాతా, రేపు పొద్దున్నే గోల్ఫుకు పోదాం, వస్తావా?" అని అడిగినాడు. నేను వెంటనే బదులు చెప్పలేకపోయినాను.

కారణం ఉన్నది. నా చిన్నతనంలో మా చిన్నాన్న ఒక క్లబ్బులో కేడీగా పని చేసినాడు. కేడీ అంటే ఆటగాడి కర్రల సంచి భుజాన మోసుకుని అతని వెంట నడిచే మనిషి. శని ఆదివారాలలో నేను చిన్నాన్నకు అన్నం క్యారేజీ తీసుకుని కంచె దాకా పోయేవాణ్ణి. కంచె దాటరాదు. అవతల గడ్డి తివాచీ పరచినట్లు ఉండేది. ఇవతల మేము నిలబడిన చోట ఎర్రమన్ను. గోల్ఫు మైదానం గురించి నాకు అరవై ఏళ్ళపాటు తెలిసినది అంతే.

మనవారి పిల్లలు ఇప్పుడు అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఈ మైదానాల మీద నడుస్తున్నారు. పెద్దలను కూడా రమ్మంటున్నారు. కనుక ఈ మైదానం అంటే ఏమిటి, ఎట్లా పుట్టింది, మొదటిసారి పోయినవారు ఎట్లా నడుచుకోవాలి, చెరకు తోటల సంతతివారమైన మనకు దానితో సంబంధమేమిటి అనే నాలుగు సంగతులు చెప్పడానికి ఈ వ్యాసం.

పార్కు మైదానం అంటే ఏమి?

గోల్ఫు స్కాట్లండు సముద్రతీరంలో పెరిగిన ఆట. అక్కడి ఇసుక దిబ్బల నేలను 'లింక్సు' అంటారు. ఆ నేలలో చెట్లు దాదాపు ఉండవు. గాలి, ఇసుక, పొట్టి గడ్డి, అంతే. సెయింట్ ఆండ్రూస్ అనే ఊరిలో 1764లో మైదానాన్ని 18 గుంటలకు కుదించినారు. తరువాత లోకమంతా ఆ లెక్కనే అనుసరించింది.

ఇంగ్లండు లోపలి ప్రాంతాలకు ఆట వచ్చినప్పుడు అక్కడ ఇసుక దిబ్బలు లేవు. ఉన్నవి జమీందారుల పార్కులు: విశాలమైన పచ్చిక, అక్కడక్కడ పెద్ద చెట్లు, నడుమ ఒక చెరువు, దూరాన ఒక మేడ. అటువంటి నేల మీద వేసిన మైదానాన్నే పార్కు మైదానం అంటారు. అయితే లోపలి నేలలో గడ్డి బాగా ఏపుగా పెరుగుతుంది. దానిని కురచగా ఉంచడానికి మొదట గొర్రెలను మేపినారు, పొడుగు పిడి కొడవళ్ళతో కోయించినారు. 1830లో ఎడ్విన్ బడింగ్ అనే ఇంగ్లీషువాడు గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందినాడు. అటువంటి యంత్రాలు వ్యాపించిన తరువాతనే లోపలి మైదానాలు విస్తరించినవి. అమెరికాలో మనవారు చూచే మైదానాలలో చాలా భాగం ఈ పార్కు తరహావే.

ఆ పచ్చదనం ఎవరి సొమ్ము?

ఈ పార్కులు అడవిలాగా తమంతట తాము వెలసినవి కావు. 'కేపబిలిటీ' బ్రౌన్ అని పేరుపొందిన లాన్సెలాట్ బ్రౌన్ (1716-1783) వంటివారు వాగులకు కట్టలు కట్టించి, చెట్లు నాటించి, మిట్టలు పల్లాలు సరిచేయించి అవి సహజమైనవే అనిపించేటట్లు చేసినారు. అందులో ఒక ఉపాయం మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మేడ ముందు కంచె కనబడితే అందం చెడిపోతుందని, దానికి బదులు లోతైన కందకం తవ్వి ఒక వైపు గోడ కట్టేవారు. దాని పేరు 'హా-హా'. మేడలో కూర్చున్న దొరకు ఎక్కడా అడ్డు కనబడదు. కాని బయటి పశువు లోపలికి రాలేదు. కంచె ఉన్నది, కంటికి కనబడదు.

ఇక సొమ్ము సంగతి. యార్కుషైరులోని హేర్‌వుడ్ మేడ, దాని చుట్టూ బ్రౌన్ దిద్దిన పార్కు ఈనాటికీ వేలమంది చూడబోతారు. దానిని కట్టించిన లాసెల్స్ కుటుంబానికి ధనం వచ్చినది వెస్టిండీసు చక్కెర నుంచి, బానిసల చాకిరి నుంచి. ఇంకొక పేరు జాన్ గ్లాడ్‌స్టన్. డెమెరారాలో చెరకు తోటల యజమాని. బానిసత్వం రద్దయినప్పుడు తన బానిసల కోసం లక్ష పౌనులకు పైగా పరిహారం పుచ్చుకున్నాడు. ఆ పరిహారం బానిసలకు కాదు, యజమానికి. తరువాత కూలీలు చాలక ఇండియా నుంచి గిరిమిటు మీద మనుషులను తెప్పించే ఏర్పాటు చేసినవాడు ఆయనే. 1838 మే నెలలో విట్బీ, హెస్పెరస్ అనే ఓడలు వారిని గయానాకు చేర్చినవి. ఆ గ్లాడ్‌స్టన్‌కు స్కాట్లండులో ఫాస్క్ అనే పెద్ద ఎస్టేటు ఉండేది. మనవారు మద్రాసులో 'ట్రూరో' ఓడ ఎక్కి 1860 నవంబరు 16న డర్బను రేవులో దిగినది కూడా అదే ఏర్పాటు కిందనే.

కనుక ఇంగ్లీషు పార్కు అందాన్ని చూచి ముచ్చటపడడంలో తప్పు లేదు. దాని వేరులో మన చెమట కూడా కొంత ఉన్నదని తెలిసి ముచ్చటపడితే చాలును.

వాన్ కోర్ట్‌లాండు పార్కు

మనవడు నన్ను తీసుకుపోయినది న్యూయార్కు నగరంలో బ్రాంక్సు అనే భాగంలో ఉన్న వాన్ కోర్ట్‌లాండు పార్కుకు. నగర రైలులో ఒకటవ నంబరు బండి ఎక్కి కడపటి స్టేషనులో దిగితే పార్కు ఎదురుగానే ఉన్నది. 1,100 ఎకరాలకు పైబడిన ఈ పార్కులో 1895లో గోల్ఫు మైదానం తెరిచినారు. మొదట 9 గుంటలు, 1899లో 18. అమెరికాలో ప్రజలందరి కోసం ఏర్పడిన మొట్టమొదటి గోల్ఫు మైదానం ఇదే. సభ్యత్వం అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. రుసుము కట్టినవారు ఆడుకోవచ్చును.

ఆటగాళ్ళ భవనం పక్కన ఒక చెరువు ఉన్నది. చాలా అందమైన చెరువు. దాని కథ మనవడికి కూడా తెలియదు, గోడ మీది పలకలు చదివి ఇద్దరం తెలుసుకున్నాం. 1700 ప్రాంతంలో వాన్ కోర్ట్‌లాండు కుటుంబం గోధుమ పిండి మరకు నీటి కోసం టిబెట్స్ వాగుకు కట్ట కట్టించింది. అప్పుడు ఏర్పడినదే ఈ చెరువు. ఆ రోజులలో ఈ నేలను కూడా ప్లాంటేషన్ అనే పిలిచేవారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఇక్కడ దున్నినారు, మర ఆడించినారు. ఆ కాలంలో న్యూయార్కు పిండి చక్కెర దీవులకు ఓడలలో పోయేది. అక్కడ చెరకు నరికే బానిసల పోషణకు ఇక్కడ బానిసలు పిండి ఆడించినారన్న మాట. కుటుంబం 1748లో కట్టిన రాతి ఇల్లు ఇంకా ఉన్నది. న్యూయార్కు రాష్ట్రంలో బానిసత్వం 1827లో పూర్తిగా పోయింది. 1888లో నగరం ఈ నేలను పార్కు కోసం తీసుకున్నది. ఆ బానిసల సమాధుల చోటుకు 2021లో నగరం వారు గుర్తింపు పలక పెట్టినారు.

పార్కులోనే ఇంకొక వైపు పెద్ద మైదానంలో క్రికెట్టు ఆడుతున్నారు. గయానా నుంచి, ట్రినిడాడు నుంచి వచ్చినవారు ఎందరో ఇక్కడ ఆడుతారు. వారిలో మద్రాసు ఓడల సంతతి కూడా కలదు. మన బంధువులే అనుకోండి, ఓడ వేరు, రేవు వేరు, చెరకు ఒకటే.

లోపలికి పోయిన తరువాత

ఇక్కడ నా తెలివితక్కువ ఒకటి ఒప్పుకోవాలి. భవనం దగ్గరకు రాగానే నా కాళ్ళు వాటంతట అవే వెనుక వైపు తిరిగినవి. చిన్నాన్న కోసం నేను నిలబడే చోటు ఎప్పుడూ వెనుకనే గదా. మనవడు "ఇటు తాతా" అని ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. లోపల బల్ల వద్ద ఉన్న మనిషి తలయెత్తి ఒకే ప్రశ్న అడిగినాడు: "ఎంతమంది?" ఇద్దరమని చెప్పినాం. అంతే. నేను ఇంకా ఏదో అడుగుతాడని నిలబడే ఉన్నాను.

మైదానంలో ఏవి ఏమిటో ఇప్పుడు చెబుతాను. ఒక్కొక్క గుంటకు ఒక దారి. దారి మొదట చదునుగా ఉన్న చోటు 'టీ'. అక్కడ చిన్న మేకు వంటి చెక్క ముక్క మీద బంతి పెట్టి కొడతారు. ఆ చెక్క ముక్కకు 1899లో అమెరికాలో పేటెంటు పొందినవాడు జార్జి గ్రాంట్ అనే నల్లజాతి దంత వైద్యుడు. టీ నుంచి సాగే కురచ గడ్డి దారి 'ఫెయిర్‌వే'. మన పొలాల మధ్య బండి బాట ఎట్లా ఉంటుందో అట్లా ఊహించుకోవచ్చును. దానికి ఇరువైపులా పొడుగు గడ్డి 'రఫ్'. ఇసుక గుంటలు 'బంకర్లు'. చివర గుంట ఉన్న నున్నని చోటు 'గ్రీన్'. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. దూరం నుంచి కనబడడానికి అందులో ఒక జెండా కర్ర నిలుపుతారు.

ఆటగాడి వద్ద కర్రలు 14కు మించరాదు. దూరం కొట్టడానికి ఒక రకం, ఎత్తు లేపడానికి ఒక రకం, గ్రీన్ మీద దొర్లించడానికి 'పటర్' అనే ఇంకొకటి. నేర్పరి ఒక గుంటను ఎన్ని దెబ్బలలో ముగించాలో ఆ లెక్కను 'పార్' అంటారు. దూరాన్ని బట్టి అది మూడు, నాలుగు లేదా అయిదు. ఈ మైదానం మొత్తం మీద పార్ 70, పొడవు సుమారు 6,000 గజాలు. తక్కువ దెబ్బలు కొట్టినవాడే గెలిచినట్లు. నా మొదటి దెబ్బకు బంతి పది గజాలు దొర్లి ఆగింది. మనవడు నవ్వలేదు, అది వాడి మంచితనం.

గడ్డి సంగతి మనవారికి ఇష్టంగా ఉంటుంది కనుక రెండు మాటలు. ఫెయిర్‌వే గడ్డి అర అంగుళం ప్రాంతం. గ్రీన్ గడ్డి మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. న్యూయార్కు వంటి చలి చోట్ల చలికి తట్టుకునే గడ్డి పెంచుతారు. కాని జార్జియా, ఫ్లారిడా వంటి దక్షిణ రాష్ట్రాలలో ఎక్కువ మైదానాలకు ఆధారం బెర్ముడా గడ్డి. పేరు విని ఎక్కడిదో అనుకోకండి. అది మన గరిక. వినాయకుడికి పెట్టే గరికే. జార్జియాలోని టిఫ్టను పరిశోధకులు ఆ గరికకు మన ట్రాన్స్‌వాల్ గడ్డితో సంకరం చేసి 1960లో ఒక రకం విడుదల చేసినారు. అమెరికాలో ఎన్నో మైదానాలలో అదే పరచి ఉన్నది. ఆంధ్ర గట్ల మీది గరిక, దక్షిణాఫ్రికా గడ్డి కలిసి అమెరికాలో ధనవంతుల కాళ్ళ కింద పచ్చగా ఉన్నవి. మనకంటే ముందే అవి లోపలికి పోయినవి.

పాటించవలసిన మర్యాదలు

నియమాలు చాలా ఉన్నవి గాని, మొదటిసారి పోయేవారికి ఈ కొన్ని చాలును.

ముందుగా సమయం నిర్ణయించుకుని, దానికి పావుగంట ముందే చేరాలి. కాలరు ఉన్న చొక్కా, మెత్తని అడుగు ఉన్న బూట్లు మంచివి. కర్రలు లేనివారికి చాలా చోట్ల అద్దెకు ఇస్తారు. ఇంకొకరు కొట్టేటప్పుడు మాటలాడరాదు, కదలరాదు, వారి వెనుక నిలబడరాదు. బంతి ఎవరి మీదికైనా పోతుంటే "ఫోర్!" అని గట్టిగా అరవాలి. ఆ అరుపు వినబడితే తల మీద చేతులు పెట్టుకుని వంగాలి, తిరిగి చూడరాదు. గ్రీన్ మీద ఇంకొకరి బంతికీ గుంటకూ నడుమ గీత తొక్కరాదు. ఇసుక గుంటలో నడిచిన తరువాత అక్కడే ఉన్న పళ్ళకర్రతో అడుగుజాడలు చదును చేయాలి. కర్ర దెబ్బకు లేచిన గడ్డి పెళ్ళను తెచ్చి దాని చోటనే పెట్టి కాలితో అదమాలి. వెనుక వచ్చేవారు వేగంగా ఆడుతుంటే ముందు పోనివ్వాలి.

ఇవి చూస్తే దొరల నియమాలు అనిపించవు. నీ తరువాత వచ్చేవాడికి నేల బాగుగా విడిచిపో అని చెప్పడమే వీటి సారం. రైతు బిడ్డకు ఇది కొత్త సంగతి కాదు. లేచిన పెళ్ళను తిరిగి అదుముతుంటే మా నాయనమ్మ చెరకు ముచ్చెలు నాటే తీరు చెప్పిన మాటలు జ్ఞాపకం వచ్చినవి.

అడ్డినవారు, దాటినవారు

న్యూయార్కు మైదానం అందరికీ తెరిచినదే. కాని అమెరికాలో గోల్ఫు అంతా అట్లా ఉండలేదు. 1896లో లాంగ్ ఐలండులోని షినెకాక్ హిల్స్‌లో జాతీయ పోటీ జరిగింది. నల్లజాతివాడు జాన్ షిపెన్, షినెకాక్ ఆదివాసి ఆస్కార్ బన్ ఆడబోతే కొందరు తెల్ల ఆటగాళ్ళు మేము ఆడమన్నారు. గోల్ఫు సంఘాధ్యక్షుడు థియొడోర్ హేవ్‌మేయర్ లొంగలేదనీ, ఆ ఇద్దరితోనే అయినా పోటీ జరుపుతానని అన్నాడనీ చెబుతారు. అందరూ ఆడినారు. ఆ హేవ్‌మేయర్ ఎవరనుకున్నారు? బ్రూక్లినులో చక్కెర శుద్ధి కర్మాగారాలు నడిపిన కుటుంబంవాడు. చక్కెర దొరలలో ఒకడు ఒకనాడు న్యాయంవైపు నిలబడినాడు. అది కూడా చెప్పవలసిన మాటే.

తరువాతి కాలం అంత మంచిది కాదు. 1934లో అమెరికా వృత్తి ఆటగాళ్ళ సంఘం తెల్లవారు మాత్రమే సభ్యులని నిబంధన రాసుకున్నది. 1961 దాకా దానిని తీయలేదు. జార్జియాలోని ఆగస్టా నేషనల్ క్లబ్బులో నల్లజాతి సభ్యుణ్ణి మొదట చేర్చుకున్నది 1990లో. అంతకుముందు ఎన్నో ఏళ్ళు అక్కడి పెద్ద పోటీలో సంచులు మోసిన కేడీలు మాత్రం నల్లజాతివారే. ఇంగ్లీషు పార్కులో కందకం ఎట్లా కనబడదో ఇక్కడ కూడా కంచె అట్లాగే కనబడలేదు. కేడీకి లోపలికి దారి ఉన్నది, ఆటగాడికి లేదు.

మన డర్బను కథ అందరికీ తెలిసినదే. కేడీగా బతికిన పాప్వా సెవ్‌గోలం, రెండు చేతులు తారుమారుగా కర్ర పట్టుకుని, 1959, 1960, 1964 సంవత్సరాలలో హాలండు ఓపెన్ గెలిచినాడు. 1963లో నేటాల్ ఓపెన్ గెలిచినప్పుడు క్లబ్బు భవనంలోకి రానివ్వక వానలో బయట నిలబెట్టి కప్పు ఇచ్చినారు. తెల్లవారు లోపల ఉన్నారు. 1965లో గేరీ ప్లేయరును ఓడించి మళ్ళీ గెలిచినాడు. తరువాత ప్రభుత్వం పోటీలలో ఆడనివ్వలేదు. 1978లో చనిపోయినాడు. ఆ వాన ఫొటో పత్రికలో వచ్చిన నాడు మా చిన్నాన్న దానిని కత్తిరించి గోడకు అంటించినాడు. ఏమీ మాట్లాడలేదు.

ఆ కంచె దాటినవారూ ఉన్నారు. ఫిజీలో చక్కెర మిల్లు ఊరు లౌటోకాలో 1963లో పుట్టిన విజయ్ సింగ్ 2000లో ఆగస్టాలోనే మాస్టర్సు గెలిచినాడు. 2004లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరినాడు. కాలిఫోర్నియాలో తెలుగు ఇంట పుట్టిన సాహిత్ తీగల 2023లో ఆగస్టాలో మొదటిసారి ఆడి తొలి పదిమందిలో నిలిచినాడు. అదే ఏడు సెప్టెంబరులో నాపాలో అమెరికా వృత్తి పోటీలలో ఒకటి గెలిచినాడు. ఆయన తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వచ్చినవారు, తోటల సంతతి కారు. అయినా ఆ ఇంటిపేరు అక్కడి పలక మీద చూసినప్పుడు మనకు సంతోషం కలగకుండా ఉంటుందా?

గడ్డి కోసేవారు

మేము పోయినది తెల్లవారుజామున. మొదటి ఆటగాళ్ళ కంటే ముందే యంత్రాల చప్పుడు వినబడింది. మంచులో ఇద్దరు మనుషులు గ్రీన్ గడ్డి కోస్తున్నారు, ఒకరు ఇసుక చదును చేస్తున్నారు. సూర్యుడు వచ్చేసరికి వారు కనబడలేదు, పచ్చిక మాత్రం కనబడింది.

అమెరికాలో ఇప్పుడు 16 వేల ప్రాంతం గోల్ఫు మైదానాలు ఉన్నవి. వాటిలో సుమారు మూడు వంతులు ఎవరైనా పోయి ఆడదగినవి. వాటిని పచ్చగా ఉంచేవారిలో మెక్సికో నుంచి, మధ్య అమెరికా నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. కొన్ని చోట్ల హెచ్-2బి అనే వీసా మీద కొన్ని నెలల పనికి వస్తారు. ఆ వీసా ఎవరి పేర వచ్చిందో ఆ యజమాని వద్దనే పని చేయాలి. గిరిమిటుతో ఇది సమానమని నేను అనను. కొరడా లేదు, అయిదేళ్ళ కట్టు లేదు. కాని ఒకే యజమానికి కట్టుబడి, ఇల్లు విడిచి, ఇతరుల పచ్చిక కోసే మనిషి స్థితి ఏమిటో మన ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు.

కనుక మన పిల్లలకు నా మాట ఇది. పోండి, ఆడండి. అది దొరల ఆట అని వెనుక నిలబడవద్దు. మన తాతలు చెరకు నరికి సంపాదించిన హక్కులో ఇది కూడా ఒకటి. అయితే ముందు తలుపు నుంచి లోపలికి పోయిన తరువాత, వెనుక తలుపు దగ్గర ఎవరు ఉన్నారో ఒకసారి చూడండి. గడ్డి కోసేవాడు ఎదురుపడితే నమస్కారం పెట్టండి, పేరు అడగండి.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు యంత్రం నడిపిన మనిషి కొట్టం దగ్గర కూర్చుని రొట్టె తింటున్నాడు. నేను చేయి ఎత్తినాను. ఆయనా ఎత్తినాడు. "తాతా, ఆయన నీకు తెలుసా?" అని మనవడు అడిగినాడు. తెలుసునని చెప్పినాను. రైలు ఎక్కిన తరువాత చిన్నాన్న కథ వాడికి మొదటినుంచి చెప్పినాను.